సంచీలో ఏముండేదో రాయలేదు నువ్వు

అమ్మాయీ,

మీ అమ్మగారి మీద నువ్వు రాసి పంపిన పద్దెనిమిది పేజీలూ అందాయి. మొదటిసారి విసుగుతో చదివాను, రెండోసారి తొమ్మిదో పేజీ కోసం చదివాను. మొదటి మూడు పేజీల్లోనే "త్యాగమూర్తి" అయిదు చోట్ల, "కొవ్వొత్తిలా కరిగిపోయింది" రెండు చోట్ల తగిలాయి. "తెల్లకోటు దేవత" అని కూడా రాశావు. లంక గ్రామాల్లో తిరిగిన నర్సమ్మ తెల్లకోటు ఎప్పుడు వేసుకుంది? తెల్లచీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని బురద గట్ల మీద నడిచిన మనిషిని నువ్వే దేవతను చేసి, దండ వేసి, గోడకు తగిలించేశావు.

తొమ్మిదో పేజీలో మాత్రం, పోలియో చుక్కల ఆదివారం సాయంత్రం ఆవిడ ఇంటికొచ్చి టీకాల డబ్బా తెరిచి, అందులోని చల్లటి ఐసు పలకను మీ చెంపలకు ఆనించేవారని ఒక్క వాక్యం ఉంది. అక్కడ నేను కళ్లజోడు తీసి పక్కన పెట్టాను. ఆ వాక్యం బాగుంది. ఈ మాట మళ్లీ చెప్పను.

పనిచేసిన మనిషిని పనిలోంచే రాయాలన్నది నా మొండిపట్టు. మీ అమ్మగారు 1985లో ఉద్యోగంలో చేరారన్నావు. మన దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలైంది ఆ ఏడే. మైదాన ప్రాంతంలో సబ్ సెంటరుకు, అంటే నర్సమ్మ పనిచేసే చిన్న ఆరోగ్య కేంద్రానికి, 5,000 జనాభా అని లెక్క. ఆ లెక్క కట్టినవాళ్లకు మధ్యలో గోదావరి పాయ అడ్డొస్తుందన్న ఆలోచన ఉండదు. ఆవిడ ఎన్ని గంటలకు రేవు చేరేవారు, పడవ తప్పితే ఏం చేసేవారు, సంచీలో ఏముండేది, ఆ సంచీ ఏ భుజాన వేసుకునేవారు? ఇవేవీ నీ పేజీల్లో లేవు. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలవాలి. డబ్బాలో ఉండేవి నాలుగు పలకలు. మూత తీసినప్పుడల్లా కొంత చల్లదనం పోతుంది. పొద్దుటి నుంచి గడపగడపా తిరిగిన డబ్బాలో మీ చెంపలకు సరిపడా చల్లదనం సాయంత్రానికి మిగిలిందంటే, ఆ రోజంతా ఆవిడ దాన్ని ఎండకు పెట్టకుండా, ఊరికే తెరవకుండా ఎంత కాపాడి ఉంటారో ఆలోచించావా? నువ్వు ముద్దు అనుకుని రాసింది ఆవిడ ఉద్యోగం కూడాను. ఆవిడ రిటైరైన 2014లోనే, మార్చి నెలలో, మన దేశం పోలియో నుంచి విముక్తమైందన్న ధ్రువీకరణ వచ్చింది. ఆ ఏడాది మీ ఇంట్లో దాని గురించి ఎవరైనా మాట్లాడుకున్నారా?

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల సంగతి నువ్వు తప్పించుకుపోయావు. 1996లో ఎత్తేసేదాకా ఆ ఉద్యోగానికి ఇన్ని కేసులు తేవాలన్న టార్గెట్లు ఉండేవి. నెలాఖరున ఆవిడ ఎవరి గుమ్మంలో నిలబడి బతిమాలారో, ఎవరి చేత మాట పడ్డారో, ఎవరిని ఒప్పించినందుకు తరవాత బాధపడ్డారో తెలుసుకుని రాయి. అందువల్ల ఆవిడ చిన్నబోరు.

ఈ పట్టు నాకు ఊరికే రాలేదు. మా అమ్మ ఆత్రేయపురంలో పూతరేకులు చేసి నన్ను చదివించింది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద లాగి, ఆ పలచటి పొరను చేత్తో ఎత్తి ఎత్తి ఆవిడ వేలికొసలు మొద్దుబారాయి. నాకు జ్వరమొస్తే నుదుటి మీద అరచేయి కాదు, ముంజేయి ఆనించి చూసేది. ఇది రాసి ఒక వారపత్రికకు పంపితే, సంపాదకుడు "నిడివి ఎక్కువైంది" అని ఆ పేరా మొత్తం తీసేసి, ఆ చోట "కరుణామయి" అని ఒక్క మాట పెట్టాడు. అచ్చయిన ప్రతి పట్టుకుని ఆనందంగా ఇంటికి వెళ్లాను. మా అమ్మ విని, "ఇదెవరి గురించే?" అంది. ఆ సంపాదకుడు పోయి చాలా కాలమైంది, కానీ నాకు కోపం పోలేదు. ఇప్పటివాళ్లు మరీ ఘనులు: గోదావరి అనగానే కొబ్బరాకులూ పులసా వెటకారమూ ఉంటే తప్ప కథ ఒప్పుకోరు.

మీ అమ్మగారు పనిమీద వెళ్లినప్పుడు ఆవిడ లేని లోటు ఇంట్లో ఎన్నడూ తెలియలేదని రాశావు. నేను నమ్మను. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుపాను విరుచుకుపడినప్పుడు ఆవిడ ఊళ్లో జనంతోనే ఉండిపోయి, నూతుల్లో బ్లీచింగ్ పౌడరు వేయించి, మూడో రోజుకు గాని ఇల్లు చేరలేదనీ, మీరు గర్వపడ్డారనీ రెండు వాక్యాల్లో తేల్చేశావు. అప్పటికి నీకు ఎనిమిదేళ్లు. ఎనిమిదేళ్ల పిల్ల గర్వపడదు, ఏడుస్తుంది. వచ్చిన తల్లి దగ్గరికి వెంటనే వెళ్లదు కూడా. ఆ మూడు రోజులూ మీకు అన్నం ఎవరు పెట్టారు? పెరట్లో కొబ్బరిచెట్లు ఎన్ని కూలాయి? ఆవిడ వచ్చాక ముందు స్నానం చేశారా, ముందు మిమ్మల్ని దగ్గరికి తీసుకున్నారా? నీ కోపం రాయకుండా ఆవిడ ప్రేమ రాయలేవు.

ముందుమాట రాస్తారా, పోటీకి పంపనా అని అడిగావు. ముందుమాట ఇప్పుడు రాయను. పోటీకి పంపే ఆలోచన మానుకో. తన చేతులమీద పుట్టిన పిల్లల లెక్క ఆవిడ డైరీలో రాసుకునేవారన్నావే, దాన్ని అరవాక్యంలో దాటేశావు. ఆ డైరీ నాకు జిరాక్సు తీయించి పంపు, అక్షరదోషాలు దిద్దకు. సబ్ సెంటర్లో ఆవిడతో పనిచేసిన ఆయా బతికే ఉంటే ఒక పూట వెళ్లి కూర్చుని, ఏమీ అడక్కుండా విను.

మళ్లీ రాసేటప్పుడు ఒక సంగతి గుర్తు తెచ్చుకుని రాయి: ఆ చల్లటి పలక ముందు ఎవరి చెంపకు ఆనించేవారు, నీకా, మీ తమ్ముడికా?

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మలాంటిది