అమ్మానాన్నలు లండన్ వస్తే బస ఎక్కడ?

మొన్న మార్చిలో కడప వెళ్లినప్పుడు, ఎర్రముక్కపల్లిలో మా అమ్మ ఇంటి అరుగు మీద కూర్చొని ఉండగా ఎదురింటి పెద్దనాన్న ఫోను పట్టుకొని వచ్చారు. వెనకే పెద్దమ్మ. వాళ్ల అమ్మాయి లండన్‌లో ఎమ్మెస్సీ ముగించింది. జులైలో పట్టా ఇస్తున్నారు. దాన్ని కళ్లారా చూసి, తొమ్మిది రోజులు అమ్మాయితో గడిపి రావాలని ఇద్దరి కోరిక. వీసా చేతికొచ్చింది, టికెట్లు కొన్నారు, ఇక మిగిలింది బస.

"హోటల్ నేనే చూసి పెట్టుకున్నానమ్మా. ఇరవై ఏళ్లకు పైగా అక్కడున్నదానివి, నువ్వు సరే అంటే డబ్బు కట్టేస్తాను" అన్నారు పెద్దనాన్న.

చూశాను. హీత్రూ విమానాశ్రయాన్ని ఆనుకొని ఉన్న హోటల్. ఎందుకు అక్కడ అని అడిగితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. దిగేసరికి ఒళ్లు అలసిపోయి ఉంటుంది, తిరుగు ప్రయాణం రోజు తెల్లవారకముందే లేవాలి, కాబట్టి రెండు వైపులా సుఖం, పైగా ధర తక్కువ. తిరుపతి వెళ్లినా మద్రాసు వెళ్లినా స్టేషన్ పక్కనే లాడ్జీ తీసుకోవడం ఆయనకు జీవితమంతా అలవాటు. ఒక రాత్రి పనికి ఆ అలవాటు మంచిదే.

"అమ్మాయి ఎక్కడ ఉంటోంది పెద్దనాన్నా?" అని అడిగాను. ఈస్ట్ హామ్ అన్నారు. పట్టా ఎక్కడ ఇస్తారు? ఎక్సెల్ అనే పెద్ద ప్రదర్శనశాలలో. ఈ రెండూ లండన్‌కు తూర్పున, న్యూహామ్ అనే ఒకే కౌన్సిల్ (స్థానిక పురపాలక సంస్థ) పరిధిలో ఉన్నాయి. హీత్రూ పడమటి కొసన ఉంది. అక్కడ మకాం పెడితే రోజూ కూతురి ముఖం చూడటానికి నగరం మొత్తాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటాలి. పోను గంటకు పైగా, రాను గంటకు పైగా. తొమ్మిది రోజుల్లో విమానానికి పోయేవి రెండే. మిగిలిన ఏడు రోజుల సంగతి ఆ హోటల్ ఎంపికలో ఎక్కడా లేదు.

కడప రిమ్స్ ఆసుపత్రిలో చేరిన మనిషికి తోడుగా పల్లె నుంచి వచ్చినవాళ్లు అది ఉన్న పుట్లంపల్లి వైపు గది దొరుకుతుందేమోనని అడుగుతారు. పెద్దదర్గా ఉరుసుకు వచ్చేవాళ్లు దర్గాకు నడిచిపోగల వీధి కోసం వెతుకుతారు. పని ఎక్కడో పడక అక్కడ. కడపలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన ఈ లెక్కను లండన్ పేరు వినగానే పక్కన పెట్టేస్తున్నాం. గంట గడియారం దగ్గరా, రాజుగారి కోట దగ్గరా, విమానాశ్రయం దగ్గరా అని చూస్తున్నాం గానీ మన రోజులు ఎక్కడ గడుస్తాయో చూడటం లేదు.

అమ్మ పాత క్యాలెండర్ కాగితం ఒకటి చింపి ఇచ్చింది. దాని వెనుక తొమ్మిది గళ్లు గీశాను. రాకకు ఒకటి, పోకకు ఒకటి. పట్టా రోజు ఒకటి. అమ్మాయితో, ఆమె స్నేహితులతో ఊరకే గడిపేవి మూడు. నగరం చూసేవి మూడు. ఏ గడిలోని పని నగరానికి ఏ దిక్కున ఉందో పక్కన రాయమన్నాను. పెద్దనాన్న స్వయంగా రాశారు. నాలుగు గళ్లకు తూర్పు అని వచ్చింది. రాసిన చేయే కాసేపు ఆగిపోయింది.

మీ ఇంట్లో కూడా ముందు ఈ గళ్లు గీయండి. హోటళ్ల ఫొటోలు తరువాత చూడవచ్చు.

రైలు పటం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని చూసే దూరాలు అంచనా వేస్తారు. రంగురంగుల గీతలతో ఉండే ఆ భూగర్భ రైళ్ల పటానికి మూలం హ్యారీ బెక్ గీయగా 1933లో వెలువడిన పటం. అది ఏ స్టేషన్ తరువాత ఏది వస్తుందో చెబుతుంది, ఎంత దూరమో చెప్పదు. నడిబొడ్డున లెస్టర్ స్క్వేర్ నుంచి కావెంట్ గార్డెన్‌కు అరకిలోమీటరు కూడా లేదు, నడిస్తే అయిదు నిమిషాలు. శివార్లలో అంతే పొడవున్న గీత కొన్ని కిలోమీటర్లు ఉండవచ్చు. కాబట్టి పటంలో రెండు చుక్కల దూరమే కదా అని గది తీసుకోకండి. ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి ఎన్ని నిమిషాలు, మధ్యలో ఎన్నిసార్లు రైలు మారాలి అని ఫోనులో చూసుకోండి. నా మట్టుకు నాకు పెద్దవాళ్లతో ఉన్నప్పుడు పది నిమిషాలు ఎక్కువ పట్టినా ఫరవాలేదు, రైలు మారకుండా వెళ్లగలిగే చోటే మేలు.

ఇక మెట్లు. ఈ మాట దగ్గర నేను కొంచెం ఆగాలి.

2010 వేసవిలో మా అమ్మానాన్నలు తొలిసారి వచ్చారు. అప్పుడు నేను మరో ఇద్దరితో కలిసి ఒక చిన్న ఫ్లాట్‌లో ఉండేదాన్ని, వాళ్లకు చోటు లేదు. ఊరి నడుమ ఉంటే అన్నీ దగ్గరని, పెద్ద రైల్వే స్టేషన్ పక్క వీధిలో ఒక చిన్న హోటల్ తీసుకున్నాను. పాతకాలపు వరుస ఇళ్లలో ఒకదాన్ని హోటల్‌గా మార్చారు. తెల్లటి స్తంభాలు, కిటికీల్లో పూలకుండీలు. లోపల లిఫ్ట్ లేదు. గది మూడో అంతస్తులో, ఉదయం ఫలహారం నేలమాళిగలో. మెట్లు ఇరుకు, నిటారు, మీద అరిగిపోయిన ఎర్ర తివాచీ. అమ్మ ఒక చేత్తో చీర కుచ్చిళ్లు, ఇంకో చేత్తో కటకటాలు పట్టుకొని ఎక్కేది. రెండో మలుపు దగ్గర చెప్పులు విడిచి మెట్టు మీదే కూర్చొని, మోకాలు రుద్దుకుంటూ "మీరు పదండి, వస్తాను" అనేది. మూడో రోజు నుంచి మధ్యాహ్నం కాఫీ మానేసింది. ఎందుకమ్మా అంటే తాగబుద్ధి కావడం లేదంది. కాఫీకి దిగితే మళ్లీ ఎక్కాలని నాకు అర్థం కావడానికి మరో రెండు రోజులు పట్టింది. ఊరి నడిబొడ్డున ఉండి కూడా ఆమె ఊరంతా ఆ కిటికీలో నుంచే చూసింది. ఈ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అందుకే అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఈ మాట చెబుతుంటాను.

పాడింగ్టన్, బేస్‌వాటర్, ఎర్ల్స్ కోర్ట్ వైపు ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. వాటిలో మంచివీ ఉన్నాయి. కానీ లిఫ్ట్ ఉందా అని ఒక్క ప్రశ్నతో వదిలిపెట్టకండి. లిఫ్ట్ మన అంతస్తు దాకా వస్తుందా, వీధి గుమ్మం ముందు ఎన్ని మెట్లు, ఫలహారం ఏ అంతస్తులో అని రాసి అడగండి, జవాబు కూడా రాతలోనే తెప్పించుకోండి. గది వివరాల్లో 'లోయర్ గ్రౌండ్' అని ఉంటే అది నేలమట్టానికి దిగువ గది అని అర్థం. వెలుతురు తక్కువ.

స్టేషన్లకూ ఇదే వరస. లండన్ భూగర్భ రైలు 1863లో మొదలైంది. అంత పాతది కాబట్టి వీధి నుంచి ప్లాట్‌ఫారం దాకా మెట్లెక్కకుండా వెళ్లే వీలు సుమారు మూడో వంతు స్టేషన్లలోనే ఉంది. కావెంట్ గార్డెన్‌లో లిఫ్టులు ఆగితే పైకి రావడానికి 193 మెట్లు. కదిలే మెట్లంటేనే బెదిరే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది లేరు! అందుకని నేను వాళ్లకు రెండు మార్గాలు చెబుతాను. 2022 మేలో తెరిచిన ఎలిజబెత్ లైను ఒకటి, దాని స్టేషన్లన్నింటిలోనూ మెట్లు లేని దారి ఉంది. రెండోది తూర్పున నడిచే డీఎల్ఆర్ అనే చిన్న రైలు, అక్కడా అంతే. ఈ రెండింటిలో ఏదో ఒకదానికి నడక దూరంలో బస దొరికితే సగం చింత తీరినట్టే. హీత్రూ నుంచి ఎలిజబెత్ లైను ఎక్కితే, ఎక్సెల్ పక్కనున్న కస్టమ్ హౌస్ స్టేషన్‌కు రైలు మారకుండా దాదాపు గంటలో చేరవచ్చు. విమానాశ్రయం దగ్గర ఉండకపోతే ఎలా అన్న పెద్దనాన్న బెంగకు జవాబు అదే.

బస్సులను కూడా చిన్నచూపు చూడవద్దు. నేల ఎత్తు తక్కువ, ప్రతి స్టాపు పేరూ చెబుతారు, కిటికీలో నుంచి ఊరు కనబడుతుంది. 2014 నుంచి బస్సుల్లో నగదు తీసుకోరు. ఒక్కొక్కరికీ సొంత కార్డు ఉండాలి, ఒకే కార్డును ఇద్దరికీ తాకిస్తే కుదరదు.

ఇప్పుడు పేటల సంగతి. ఈస్ట్ హామ్‌లో హై స్ట్రీట్ నార్త్ వెంట నడిస్తే ఇడ్లీ, దోసె, అన్నం పెట్టే భోజనశాలలు, మన సరుకుల దుకాణాలు, మహాలక్ష్మి అమ్మవారి గుడి అన్నీ కొద్ది దూరంలోనే ఉన్నాయి. తెలుగు వినబడుతుంది. హోటళ్లు మాత్రం అక్కడికన్నా స్ట్రాట్‌ఫర్డ్‌లో, ఎక్సెల్ చుట్టూ ఎక్కువ. స్ట్రాట్‌ఫర్డ్ 2012 ఒలింపిక్స్ జరిగిన చోటు, ఎన్నో లైన్లు అక్కడ కలుస్తాయి. తూర్పు లండన్ భద్రం కాదని కొందరు భయపెడతారు. పేట మొత్తానికి ఒకే ముద్ర వేయడం నాకు నచ్చదు. రాత్రి పదింటికి స్టేషన్ నుంచి గది దాకా నడిచే ఆ దారిలో దీపాలు, దుకాణాలు, జనం ఉంటారా అని అమ్మాయినే ఒకసారి నడిచి చూసి చెప్పమనండి. ఆ ఒక్క నడక వంద అభిప్రాయాల పెట్టు. ఫోను చేతిలో పట్టుకొని రోడ్డు అంచున నిలబడకండి, సైకిళ్ల మీద వచ్చి లాక్కుపోతారు. ఇది ఏ పేటలోనైనా వర్తిస్తుంది.

పిల్లలు పడమట చదువుతుంటే, ఉదాహరణకు అక్స్‌బ్రిడ్జ్‌లోని బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో, అప్పుడు సౌతాల్, హౌన్స్‌లో అనే పేటల వైపు చూడండి. సౌతాల్ పంజాబీల ఊరు, ఎలిజబెత్ లైను మీద ఉంది. వెంబ్లీలో గుజరాతీలు, శ్రీలంక తమిళులు ఎక్కువ కాబట్టి శాకాహారానికి లోటు లేదు. అయితే అక్కడి స్టేడియంలో 90,000 మంది పడతారు. ఆట గాని కచేరీ గాని ఉన్న రోజు గది ధర ఎగబాకుతుంది, రైల్లో కాలు పెట్టడం కష్టం. ముందే తేదీలు చూసుకోండి. హాట్‌ఫీల్డ్‌లో చదివే పిల్లలు లండన్ అనే చెబుతారు గానీ అది నగరానికి బయట, ఉత్తరాన ఉన్న ఊరు. వాళ్ల తల్లిదండ్రులకు కింగ్స్ క్రాస్ అనువు, ఆ రైళ్లు అక్కడికే వస్తాయి. దగ్గరలోనే యూస్టన్ స్టేషన్ వెనుక డ్రమండ్ వీధిలో 1970ల నుంచి మనవాళ్ల శాకాహార భోజనశాలలున్నాయి. కేవలం ఊరు చూడటానికే వచ్చేవాళ్లకు కూడా నేను ఈ చుట్టుపక్కలే చెబుతాను. వేసవి సెలవుల్లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ (ఎల్ఎస్ఈ) వంటి విద్యాసంస్థలు తమ విద్యార్థి వసతి గృహాల్లో గదులు బయటివారికి అద్దెకిస్తాయి, వాటినీ చూడండి.

పట్టా ఎప్పుడూ కళాశాలలోనే ఇస్తారని అనుకోకండి. ఇంపీరియల్ కళాశాల వాళ్లకు రాయల్ ఆల్బర్ట్ హాల్లో జరుగుతుంది. చోటు తెలిశాకే బస మాట ఎత్తండి.

అంతా విన్న పెద్దమ్మ మెల్లగా అడిగింది. "ఇవన్నీ ఎందుకమ్మా, అమ్మాయి గదిలోనే ఒక మూల పడుకోలేమా? నాకు చాప చాలు."

తల్లి మనసుకు అదే తోస్తుంది. కానీ ఆ అమ్మాయి ఉంటున్నది ఆరుగురు పంచుకునే ఇల్లు. ఇంగ్లండ్‌లో వేర్వేరు కుటుంబాల వాళ్లు అయిదుగురు, అంతకు మించి ఒకే ఇంట్లో ఉంటే యజమాని కౌన్సిల్ నుంచి లైసెన్సు తీసుకోవాలి. ఆ ఇంట్లో ఎందరు ఉండవచ్చో అందులో రాసి ఉంటుంది. చెప్పకుండా ఇద్దరు అదనంగా వారం రోజులు ఉంటే యజమాని కోపం అమ్మాయి మీదకు వస్తుంది, గది పోయినా పోవచ్చు. పైగా తక్కినవాళ్లూ అక్కడ బతకాలి కదా. పగలు వెళ్లి కూర్చోండి, రాత్రికి మీ గదికి వచ్చేయండి అన్నాను. ఇల్లు మొత్తం రోజుల లెక్కన అద్దెకు దొరుకుతుంది గానీ, లండన్‌లో కౌన్సిల్ ప్రత్యేక అనుమతి లేకుండా అలా ఏడాదికి 90 రాత్రులకు మించి ఇవ్వకూడదని నిబంధన. సమీక్షలు చదవకుండా తీసుకోకండి, బుకింగ్ సైటు దాటి నేరుగా డబ్బు పంపమనేవాళ్లను మాత్రం నమ్మకండి.

పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత తన అసలు బాధ చెప్పింది. ఏడాదిన్నరగా పిల్ల తన తిండి తానే వండుకుంటోంది, ఫోనులో చూస్తే చిక్కిపోయినట్టుంది, ఈ తొమ్మిది రోజులైనా సంగటి కెలికి పెట్టాలి. హోటల్ గదిలో పొయ్యి ఉండదు కదా.

ఉండేవి ఉన్నాయి. చిన్న వంటగది కలిసిన గదులు స్ట్రాట్‌ఫర్డ్‌లో, ఎక్సెల్ వైపు దొరుకుతాయి. ధర కొంచెం ఎక్కువే, గది కొంచెం చిన్నదే. మామూలు హోటల్ గదిలో దొంగచాటుగా వండితే పొగ గంట మోగుతుంది. పెద్దనాన్న రెండు ధరలూ పక్కపక్కన పెట్టి తేడా లెక్కవేస్తుంటే పెద్దమ్మ ఫోను మీద చేయి అడ్డం పెట్టింది.

"వంటగది ఉన్నదే తీసుకోండి. గువ్వలచెరువు పాలకోవా కూడా రెండు కిలోలు పట్టుకుపోదాం, దానికి ప్రాణం."

పాలతో చేసినవి బయటి దేశాల నుంచి బ్రిటన్‌కు తేనివ్వరని చెప్పాల్సి వచ్చింది. కోవా, నెయ్యి, మాంసం పచ్చళ్లు, ఏవీ కుదరవు. మరి రాగిపిండి? చెనిక్కాయల పొడి? అవి తేవచ్చన్నాను. పెద్దనాన్న క్యాలెండర్ కాగితం తిరిగి తీసుకొని, అమ్మాయితో గడిపే మూడు గళ్లలోనూ 'సంగటి' అని రాసి, రద్దు చేసుకునే గడువు ఎప్పటివరకో చూసుకొని డబ్బు కట్టేశారు.