రైలింజన్ ఫోటో తీస్తే నేరమా?

ప్రశ్న: మా అబ్బాయికి పంతొమ్మిదేళ్లు. డిప్లొమా చదువుతూ అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకు తయారవుతున్నాడు. చిన్నప్పటి నుంచీ రైళ్ల పిచ్చి. ఏ బండికి ఏ షెడ్డు ఇంజన్ తగిలించారో పుస్తకంలో రాసుకుంటాడు, ఫోటోలు తీస్తాడు. ఈమధ్య ఒక జంక్షన్‌లో ప్లాట్‌ఫాం టికెట్ కొనుక్కుని, చివర నిలబడి ఫోటోలు తీస్తుంటే ఆర్పీఎఫ్ (రైల్వే రక్షక దళం) వాళ్లు పట్టుకున్నారు. ఫోన్ లాక్కుని ఫోటోలన్నీ డిలీట్ చేయించారు. ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకుని, ‘కోర్టుకు పిలిస్తే వచ్చి ఐదొందలు కట్టేయ్, అయిపోతుంది’ అని పంపేశారు. ఫోటో తీయడం నేరమా? ఆ ఫైన్ కట్టేస్తే గొడవ వదిలిపోతుందా?
– పేరు, ఊరు రాయవద్దన్న ఒక తండ్రి

జవాబు: ముందు ఆ ఐదొందల సంగతి చూద్దాం. మీ వాడికి అసలు ప్రమాదం అక్కడే ఉంది.

రైల్వే కోర్టులో నిలబడి ‘తప్పయింది సార్’ అని ఫైన్ కట్టడమంటే నేరం ఒప్పుకోవడమే. మొత్తం ఎంత చిన్నదైనా అది కోర్టు వేసిన శిక్షే. రేపు ఉద్యోగం వచ్చాక అటెస్టేషన్ ఫారం ఇస్తారు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద కేసు నడిచిందా, కోర్టు జరిమానా వేసిందా అని అందులో అడుగుతారు. ‘ఐదొందలే కదా’ అని ‘లేదు’ అని రాశాడంటే, ఫైన్ కంటే ఆ అబద్ధమే ఉద్యోగానికి ఎసరు పెడుతుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం వివరంగా చెప్పింది. చిన్నవయసులో జరిగిన అల్పమైన నేరమైతే, దాచినా యజమాని క్షమించవచ్చు అంది. క్షమించి తీరాలని మాత్రం అనలేదు. చేరాలనుకుంటున్నది రైల్వేలోనే కాబట్టి మీ వాడు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఇక ఫోటో నేరమా అంటే, 1989 రైల్వే చట్టంలో ‘రైలును ఫోటో తీయడం’ అనే నేరమే లేదు. ఇలాంటి వాళ్ల మీద మామూలుగా పెట్టేది సెక్షన్ 147, అంటే అక్రమ ప్రవేశం. శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కోర్టు ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప జరిమానా ఐదొందలకు తగ్గదు. వాళ్లు చెప్పిన అంకె అక్కడిదే. బెయిలు వచ్చే నేరమే.

ఆ సెక్షన్ అడిగేది నువ్వు ఎక్కడ నిలబడ్డావని, చేతిలో ఏముందని కాదు. ప్లాట్‌ఫాం టికెట్ ఉంటే, దాని రెండు గంటల గడువు లోపు ప్లాట్‌ఫాం మీద ఉండటం అక్రమ ప్రవేశం కాదు. చివర ఏటవాలుగా దిగి పట్టాల పక్కకో, యార్డులోకో, షెడ్డు దారిలోకో వెళ్తే మాత్రం అవుతుంది, ఫోటో తీసినా తీయకపోయినా. అందుకే అబ్బాయిని కూర్చోబెట్టి, ‘చివర’ అంటే సరిగ్గా ఎక్కడో అడగండి. కేసంతా ఆ పది అడుగుల మీద తిరుగుతుంది.

అదే సెక్షన్‌లో చాలామంది గమనించని మాట ఇంకొకటి ఉంది. సక్రమంగా లోపలికి వచ్చినవాడు కూడా, పొమ్మంటే పోకపోతే నేరస్థుడే. పిల్లలు అక్కడే దొరికిపోతారు. ‘ఏ రూల్ ప్రకారం?’ అని కానిస్టేబుల్‌తో వాదనకు దిగి, లేని కేసును తామే పుట్టిస్తారు. వెళ్లమంటే బయటికి వచ్చేసి, తర్వాత కాగితం మీద అడగడమే తెలివి.

ఫోటోలు డిలీట్ చేయించడానికి మాత్రం ఏ చట్టమూ ఒప్పుకోదు. ఆ ఫోటో నేరానికి సాక్ష్యమైతే చెరిపేయడం సాక్ష్యాన్ని పాడుచేయడమే. సాక్ష్యం కాకపోతే ముట్టుకునే పనే లేదు. ఫోన్ స్వాధీనం చేసుకోవాలంటే సాక్షుల సంతకాలతో పంచనామా (స్వాధీనం చేసుకున్నట్టు రాసే పత్రం) రాయాలి. రైల్వే చట్టం కింద సోదాలు, స్వాధీనాలు మామూలు క్రిమినల్ ప్రొసీజర్ ప్రకారమే జరగాలని ఆ చట్టమే అంటోంది.

కొందరు పోలీసులు అధికార రహస్యాల చట్టం పేరు చెప్పి భయపెడతారు. 1923 నాటి ఆ చట్టంలో రైలు మార్గం ‘నిషిద్ధ ప్రదేశం’ కావాలంటే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి ఉండాలి. పోలీస్ స్టేషన్ కూడా నిషిద్ధ ప్రదేశాల జాబితాలోకి రాదని 2022లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి చెప్పింది. కానీ ఒక్క విషయంలో మీ వాడిని గట్టిగా కట్టడి చేయండి. ట్యాంకులు, సైనిక వాహనాలు ఎక్కించుకుని వెళ్లే మిలిటరీ స్పెషల్‌ను ఫోటో తీయకూడదు, అది ఎప్పుడు ఎక్కడ కనిపించిందో ఎవరికీ పంపకూడదు. రక్షణ సమాచారం విషయంలో ఆ చట్టం కింద పద్నాలుగేళ్ల వరకు శిక్ష ఉంది. మిగతాదంతా అభిరుచే కావచ్చు, ఇది మాత్రం కాదు.

ఈ ఇబ్బంది మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో ప్రయాణికుల రైళ్లు నడిపే ఆమ్‌ట్రాక్ సంస్థ ఫోటోల పోటీ పెట్టింది. ఆ పోటీ కోసం 2008 డిసెంబరులో న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో రైలు ఫోటోలు తీస్తున్న మనిషిని ఆమ్‌ట్రాక్ పోలీసులే అరెస్టు చేశారు! మన దగ్గర 2024 నవంబరులో, పట్టాల మీద, నడుస్తున్న బళ్లలో రీల్స్ చేసేవాళ్ల మీద కేసులు పెట్టమని రైల్వే బోర్డు జోన్లకు చెప్పింది. కొందరు ఇంజన్ ముందు గెంతే రీల్స్ చూస్తే ఆ కోపం అర్థమవుతుంది. నంబరు రాసుకునే పిల్లవాడి మీద అదే కోపం చూపడం మాత్రం అన్యాయం.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెబుతాను. సమన్లు వచ్చాయా లేదా అన్నది మీ ప్రశ్నలో లేదు. రాకపోతే, ఆ తేదీన మీ అబ్బాయి పేరు మీద ఏమైనా కేసు నమోదైందా, సంతకం పెట్టించుకున్న కాగితం నకలు ఇవ్వగలరా అని ఆ డివిజన్ రైల్వే మేనేజర్ కార్యాలయంలోని సమాచార అధికారికి ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు, జవాబుకు గడువు ముప్పై రోజులు. డిలీట్ చేయించిన విషయం మీద ఆర్పీఎఫ్ డివిజనల్ సెక్యూరిటీ కమిషనర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ప్లాట్‌ఫాం టికెట్ ఉంటే పారేయకండి.

సమన్లు వస్తే వకీలుతో వెళ్లండి. ప్లాట్‌ఫాం దిగకపోతే నేరం ఒప్పుకోవద్దు, విచారణ కోరండి. దిగినట్టయితే, 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం సెక్షన్ 3 కింద మందలించి వదిలేయమని మేజిస్ట్రేటును అడగాలి. అలా వదిలేస్తే అదే చట్టం సెక్షన్ 12 ప్రకారం శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదు. అప్పుడు కూడా అటెస్టేషన్ ఫారంలో జరిగింది జరిగినట్టే రాయాలి.

సినిమా, వ్యాపార షూటింగులకు రైల్వే జోన్ ముఖ్య ప్రజాసంబంధాల అధికారి (సీపీఆర్వో) ద్వారా ముందస్తు అనుమతి, ఫీజు ఉంటాయి. అబ్బాయి వీడియోల మీద డబ్బు సంపాదిస్తుంటే ఆ మాట నాకు మళ్లీ రాయండి, అప్పుడు జవాబు మారుతుంది. ఈలోగా ఫోటోల కోసమైతే రోడ్డు ఓవర్‌బ్రిడ్జి పేవ్‌మెంటు మంచిది. అది రైల్వే కంచె లోపలి స్థలం కాదు కాబట్టి సెక్షన్ 147 అక్కడిదాకా రాదు.