లినక్స్ టెర్మినల్ అంటే బెరుకు పోవాలంటే ఏ కమాండ్లు బట్టీ పట్టాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, ఆమదాలవలసలో మీ ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఎక్కలేదు, అందుకని లినక్స్ మింట్ 22 వేసుకున్నానన్నావు. మంచి పని చేశావు, దానికి 2029 వరకూ అప్‌డేట్లు వస్తాయి. ఇప్పుడు కమాండ్లు టైపు చేసే ఆ నల్ల కిటికీ, అదే టెర్మినల్, తెరవాలంటే చెయ్యి ఆగిపోతోంది, ఏ కమాండ్లు బట్టీ పట్టాలో చెప్పమన్నావు.

బట్టీ ఏమీ పట్టక్కర్లేదు. నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. మా ఆఫీసులో అన్నీ లినక్స్ కంప్యూటర్లే. సాయంత్రం పూట కాశీబుగ్గ కుర్రాళ్లకు నేర్పుతుంటాను కూడా. వాళ్లలో తొందరగా పైకొచ్చేది ఎక్కువ కమాండ్లు తెలిసినవాళ్లు కాదు. ఎంటర్ కొట్టే ముందు ఒకసారి చూసుకుని, కొట్టాక స్క్రీన్ మీద ఏం వచ్చిందో చదివేవాళ్లు. మిగతాదంతా ఈ అలవాటు చుట్టూనే తిరుగుతుంది.

ముందు నువ్వు ఏ ఫోల్డర్‌లో ఉన్నావో తెలియాలి. పీడబ్ల్యూడీ కొడితే అది చెబుతుంది. ఎల్ఎస్ కొడితే అక్కడ ఏమున్నాయో చూపిస్తుంది. సీడీతో వేరే ఫోల్డర్‌లోకి వెళ్తావు, సీడీ పక్కన రెండు చుక్కలు పెడితే ఒక మెట్టు పైకి వస్తావు. మొదటి వారం ఈ మూడింటితోనే అటూ ఇటూ తిరుగు. వీటితో ఏదీ చెరగదు, ఏదీ పాడవదు. కమాండ్లన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. లినక్స్‌కు చిన్న అక్షరం వేరు, క్యాపిటల్ వేరు. డాక్యుమెంట్స్ ఫోల్డర్ పేరులో మొదటి అక్షరం క్యాపిటల్. అది చిన్నది కొడితే అలాంటి ఫోల్డరే లేదంటుంది.

ట్యాబ్ కీ విలువ చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూర్తి చేస్తుంది. నొక్కినా ఏమీ రాలేదంటే రెండోసారి నొక్కు. ఆ అక్షరాలతో మొదలయ్యే పేర్లు రెండు మూడు ఉంటే వరసగా చూపిస్తుంది. అప్పటికీ ఏమీ రాకపోతే పేరైనా తప్పు, నువ్వు ఉన్న చోటైనా తప్పు. అంటే ఎంటర్ కొట్టకముందే తప్పు పట్టుబడుతుంది. టైపింగ్ బాగా వచ్చినా సరే, ట్యాబ్ వాడటం మానకు.

ఇక ఫైళ్లు తీసేసే ఆర్ఎం గురించి. దీనితో తీసేసిన ఫైలు ట్రాష్‌లోకి వెళ్లదు, నేరుగా పోతుంది. ఒక కుర్రాడు ఫోల్డర్‌లో ఉన్న టెక్స్ట్ ఫైళ్లన్నీ తీసేద్దామనుకున్నాడు. ఆర్ఎం, ఖాళీ, స్టార్, దానికి ఆనుకుని డాట్ టీఎక్స్‌టీ అని కొట్టాలి. వాడు స్టార్‌కీ డాట్‌కీ మధ్య ఇంకో ఖాళీ వదిలాడు. ఖాళీ పడగానే అవి రెండు వేర్వేరు మాటలైపోయాయి. ఒంటరిగా మిగిలిన స్టార్ అంటే ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లన్నీ అని అర్థం. “అన్నీ పోనాయన్నా” అని వచ్చాడు పాపం, ప్రాజెక్టు రిపోర్టు కూడా అందులోనే ఉంది.

అందుకని నేను అందరికీ నేర్పే పద్ధతి ఇది. తీసేయాలనుకున్నప్పుడు ముందు ఆర్ఎం కొట్టకు. అదే స్టార్, అదే డాట్ టీఎక్స్‌టీతో ఎల్ఎస్ కొట్టు. ఏవి పోబోతున్నాయో వాటి పేర్లన్నీ కళ్లముందు కనబడతాయి. సరిగ్గా ఉన్నాయనిపిస్తే పైబాణం కీ నొక్కి, ఆ లైన్‌లోనే ఎల్ఎస్‌ను ఆర్ఎంగా మార్చు. మళ్లీ కొత్తగా టైపు చేయకు, ఖాళీ పొరపాటున పడేది అప్పుడే. ఆర్ఎం పక్కన హైఫన్ ఐ పెడితే ఒక్కొక్క ఫైలుకీ అడిగి తీస్తుంది. కాపీ చేసే సీపీ, పేరు మార్చే ఎంవీ కూడా అదే పేరుతో పాత ఫైలు ఉంటే అడగకుండా దాని మీద రాసేస్తాయి. వాటికీ హైఫన్ ఐ పనిచేస్తుంది.

ఫైలు పేర్లలో ఖాళీలు లేకుండా చూసుకో. ‘జీడి లెక్కలు 2024’ అని పెడితే టెర్మినల్ దాన్ని మూడు పేర్లనుకుంటుంది. మధ్యలో హైఫన్లు పెట్టు. తెలుగులో పేరు పెట్టినా ఇబ్బంది లేదు, మా ఆఫీసులో సగం ఫైళ్లకు తెలుగు పేర్లే.

సుడో అంటే ఆ ఒక్క కమాండ్‌కు కంప్యూటర్ మీద పూర్తి అధికారం ఇవ్వడం. పాస్‌వర్డ్ కొడుతుంటే మింట్‌లో అక్షరాల బదులు స్టార్ గుర్తులు కనబడతాయి, చాలా లినక్స్‌లలో అవి కూడా కనబడవు. అలాంటి చోట కీబోర్డు పాడైందని కంగారు పడకు, కొట్టేసి ఎంటర్ నొక్కు. అనుమతి లేదని వచ్చిన ప్రతిసారీ ముందు సుడో తగిలించడం మాత్రం అలవాటు చేసుకోకు. అనుమతి ఎందుకు లేదో ముందు ఆలోచించు. ఇంటర్నెట్‌లో ఎవరో ఇచ్చిన సుడో లైన్‌లో ప్రతి మాటకూ అర్థం తెలియందే అతికించకు. మ్యాన్ అని కొట్టి పక్కన కమాండ్ పేరు ఇస్తే దాని పుస్తకం తెరుచుకుంటుంది, క్యూ నొక్కితే బయటికి వస్తావు.

సాఫ్ట్‌వేర్ వేయడానికీ తీయడానికీ వాడే కమాండ్ ఆప్ట్. అది ఏవి వేస్తుందో, ఏవి తీసేస్తుందో జాబితా చూపించి, సరేనా అని అడుగుతుంది. ఆ తీసేసేవాటి జాబితా తప్పకుండా చదువు. 2021లో లక్షలమంది చూసే ఒక యూట్యూబర్ పాప్ ఓఎస్ అనే ఇంకో లినక్స్‌లో, స్టీమ్ అనే గేముల సాఫ్ట్‌వేర్ వేయబోతే, డెస్క్‌టాప్ మొత్తం తీసేస్తానని ఆప్ట్ హెచ్చరించింది. ఆయన అది పట్టించుకోకుండా ఒప్పుకున్నాడు, డెస్క్‌టాప్ పోయింది. ఆ తర్వాత అంత తేలిగ్గా ఒప్పుకునే వీలు లేకుండా ఆప్ట్‌నే మార్చారు. ఆ స్టీమ్ ప్యాకేజీలో లోపం ఉన్నమాట నిజమే, కానీ పోబోయేవాటి పేర్లు మాత్రం స్క్రీన్ మీదే ఉన్నాయి.

మన దగ్గర కరెంటు సంగతి నీకు తెలుసు. అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయిందనుకో, మళ్లీ ఆన్ చేశాక ఆప్ట్ పనిచేయనంటుంది. చాలామంది అక్కడే బెదిరిపోయి ఓఎస్ మళ్లీ మొదటి నుంచి వేస్తారు. ఆ ఎర్రర్‌ను చివరిదాకా చదివితే చాలు, మందు అందులోనే రాసి ఉంటుంది: సుడో, డీప్యాకేజ్ అని పిలిచే డీపీకేజీ, రెండు హైఫన్లతో కాన్ఫిగర్, హైఫన్ ఏ. అది ఉన్నదున్నట్టు కొడితే సగంలో ఆగిన పని పూర్తవుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ నిలవకపోతే, గాలీ వానా ఉన్న రోజు అప్‌డేట్ పెట్టకు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. మా ఆఫీసు పైరేకులు లేచిపోయి కంప్యూటర్ తడిసిపోయింది. ఏళ్ల లెక్కలు దక్కాయంటే, శ్రీకాకుళంలో మా బావ ఇంట్లో ఒక హార్డ్‌డిస్క్‌లో కాపీ ఉండబట్టే. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. మింట్‌లో వచ్చే టైమ్‌షిఫ్ట్ సిస్టమ్‌ను కాపాడుతుంది గానీ, సెట్టింగులు మార్చకపోతే నీ ఫైళ్లను కాపీ చేయదు. వాటికి ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్ వాడు. హైఫన్ ఏవీ పక్కన ఎన్ కూడా చేర్చి కొడితే, ఏమీ చేయకుండా ఏం చేయబోతోందో మాత్రం చూపిస్తుంది. ఆ జాబితా చదివాక ఎన్ తీసేసి నడుపు. డిస్క్‌ను వేరే ఇంట్లో పెట్టు.

ఇంకొక్కటి. విండోస్ అలవాటుతో కంట్రోల్ ఎస్ నొక్కితే టెర్మినల్ కొయ్యబారిపోతుంది, కంట్రోల్ క్యూ నొక్కితే మళ్లీ కదులుతుంది. కంట్రోల్ సీ ఇక్కడ కాపీ చేయదు, నడుస్తున్న పనిని ఆపేస్తుంది. కాపీకి దానితో పాటు షిఫ్ట్ కూడా నొక్కాలి.

ఈ రాత్రికే మొదలుపెట్టాలనుంటే తెలుగు ఫాంట్లు వేసుకో. సుడో ఆప్ట్ అప్‌డేట్ కొట్టి, అది అయ్యాక సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పక్కన ఫాంట్స్, హైఫన్, టీఈఎల్‌యూ అని ఇవ్వు. అది చూపించే జాబితా చదివి వై నొక్కు. పోతన, వేమన, లోహిత్ లాంటివి వస్తాయి. తర్వాత ఎఫ్‌సీ హైఫన్ లిస్ట్, ఖాళీ, కోలన్, దానికి ఆనుకుని ల్యాంగ్ ఈక్వల్ టీఈ అని కొట్టి, అవి నిజంగా ఎక్కాయో లేదో చూడు. ఎక్కకపోతే వచ్చిన ఎర్రర్‌ను ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టు, చూసి చెబుతాను.