ఎముకల మీద రాస్తున్న తమ్ముడికి

పెరంబూర్, చెన్నై

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. వేపేరిలో పశువైద్యం చదువుతూ, పరీక్షల టెన్షన్ మధ్య తీరిక చేసుకుని, తొలినాటి వ్యవసాయం మీద తెలుగులో రాయాలని కూర్చున్నావంటే ముచ్చటేసింది. మెచ్చుకోలు అక్కడితో ఆపి అసలు సంగతికి వస్తాను. మొదటి రెండు పేజీలు తీసెయ్.

ఆ రెండు పేజీల్లో ఏముంది? ఆదిమానవుడు అడవులు పట్టుకు తిరిగాడు, వేటాడి అలసిపోయాడు, ఒకరోజు గింజ మొలకెత్తడం చూశాడు, మేకపిల్లను తెచ్చి కట్టేసుకున్నాడు, వ్యవసాయం పుట్టింది. ఈ కథ బడిలో సాంఘికశాస్త్రం చదివిన అందరికీ వచ్చు. మూడో పేజీలో "ఎముకలను అధ్యయనం చేసి శాస్త్రవేత్తలు కనుగొన్నారు" అని ఒక్క ముక్క రాసి మళ్లీ కథలో పడ్డావు. ఎలా కనుగొన్నారు? నేను చదవాలనుకున్నది అదే, నువ్వు దాటేసిందీ అదే. ఈ విషయం మీద ఏ వాక్యం రాసినా దాని కింద ఏ ఎముక ఉందో నీకు తెలిసుండాలి. ఆ ఎముక మోయగలిగినంత వాక్యమే రాయాలి. నేను ఈ ఉత్తరంలో చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మేకల సంగతి చూడు. మచ్చికైన తొలి తరాల మేకకూ కొండమేకకూ ఎముకలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఒక్క ఎముకను బల్ల మీద పెట్టి "ఇది మందలోదా, కొండలోదా" అంటే ఎవరూ తేల్చలేరు. అందుకని చాలాకాలం పరిశోధకులు సైజు మీద ఆధారపడ్డారు. మచ్చికైన జంతువు చిన్నదవుతుంది, కాబట్టి తర్వాతి కాలపు పై పొరల్లో ఎముకలు చిన్నవైతే మచ్చిక మొదలైనట్టే అని. తవ్వకాల్లో దొరికే జంతువుల ఎముకలను చదివే మెలిండా జెడర్ ఈ లెక్కను పరీక్షకు పెట్టింది. మ్యూజియంలో దాచిన ఈ కాలపు అడవిమేకల అస్థిపంజరాలు, ఆడా మగా, వయసూ తెలిసినవి తీసుకుని కొలిచింది. సైజును అన్నిటికంటే ఎక్కువగా మార్చేది ఆడా మగా అన్న తేడానే అని తేలింది. ఆ కొలతలతో ఇరాన్ జాగ్రోస్ కొండల్లోని గంజ్ దరే అనే చోట దొరికిన ఎముకలను మళ్లీ చూశారు. సుమారు పదివేల ఏళ్ల నాటి ఊరు అది. అక్కడి ఎముకల మీద అంతకుముందే పనిచేసిన బ్రయాన్ హెస్సేతో కలిసి ఆమె 2000లో సైన్స్ పత్రికలో ఆ ఫలితం అచ్చువేసింది. పోతులు చాలావరకు చిన్న వయసులోనే కోతకు పోయాయి. ఆడవి పెద్దయ్యేదాకా బతికాయి. వేటగాడు అలా చంపడు, అతని కన్ను బలిసిన పెద్ద పోతు మీద ఉంటుంది. మందను పెంచుకునేవాడే అలా చంపుతాడు. మీ ఊళ్లో మేకలు మేపేవాళ్లను అడుగు, ఏ పిల్లలు ముందు సంతకు పోతాయో చెబుతారు. మందకు ఒకటో రెండో పోతులు చాలు.

ఇక్కడ గమనించాల్సిన తమాషా ఒకటుంది. పోతులు లేతగానే పోతే, ఎదిగిన ఎముకల్లో మిగిలేవి ఎక్కువగా ఆడవే. ఆడవి చిన్నవి. అంటే ఎముకలు చిన్నవవుతున్నాయి అనుకున్నదాంట్లో చాలా భాగం మేక కుంచించుకుపోవడం కాదు, ఎదిగిన పోతులు తగ్గిపోవడం. నీ వ్యాసంలో "మచ్చికైన కొద్దీ మేకలు చిన్నవయ్యాయి" అని ధైర్యంగా రాశావు. దాన్ని కొట్టెయ్, దాని బదులు ఈ సంగతి మొత్తం రాయి. రెండు పేజీలు పట్టినా ఫరవాలేదు, వ్యాసానికి గుండె అదే. గంజ్ దరే మట్టి ఇటుకల మీద మేకల గిట్టల అచ్చులు కూడా దొరికాయి. తడి ఇటుకలు ఆరబెట్టుకున్న చోట మేకలు తిరిగాయన్నమాట. ఆ ఒక్క వాక్యం ఎక్కడ పెట్టాలో నువ్వే చూసుకో.

వయసు ఎలా తెలిసిందో రాయడంలో నీకు ఎవరూ సాటి రారు, ఎందుకంటే అది నీ చదువు. లేత మటన్ ఉడికినప్పుడు పొడుగు ఎముక చివర గుండు ఊడి చేతికొస్తుంది కదా, అది ఇంకా అతుక్కోని ఎముక. ఒక్కో ఎముక చివర ఒక్కో వయసులో అతుక్కుంటుంది కాబట్టి, అతుక్కున్నవెన్ని, అతుక్కోనివెన్ని అని లెక్కేస్తే ఏ వయసుకు ఎన్ని చచ్చాయో తెలుస్తుంది. ఇక పళ్లు. మీ వైపు బండలాగుడు పోటీలకు ఎద్దులను పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు చేస్తారు. రైతు ముందు పళ్లు చూస్తాడు. తవ్వకంలో దొరికే దవడకు ముందు పళ్లు చాలాసార్లు ఉండవు, ఒంటివేరువి కావడంతో రాలిపోతాయి. అందుకే పరిశోధకులు దవడపళ్ల అరుగుదల చూస్తారు. సెబాస్టియన్ పేన్ 1973లో టర్కీలోని అష్వాన్ కాలే గొర్రె, మేకల దవడలతో ఈ పని చేసి, మాంసానికి పెంచిన మంద, పాలకు పెంచిన మంద, ఉన్నికి పెంచిన మంద చావుల లెక్కలో ఎలా వేరుపడతాయో చూపించాడు. అనాటమీ ల్యాబ్‌లో నువ్వు రోజూ పట్టుకునే దవడ ఇంత కథ చెబుతుందని నీ పాఠకుడికి తెలియదు.

అదే ల్యాబ్‌లో ఇంకో పని చెయ్. గొర్రె, మేక ముంగాలిలో మోకాలి కింద ఉండే పొడుగు ఎముకలు, అంటే మెటాకార్పల్ ఎముకలు, పక్కపక్కన పెట్టి చూడు. మేకది పొట్టిగా, వెడల్పుగా ఉంటుందనీ గొర్రెది సన్నగా ఉంటుందనీ పుస్తకాలు చెబుతాయి. ఆ పుస్తకాలు ఎక్కువగా యూరప్, పశ్చిమాసియా మందల మీద తయారైనవి. మన నెల్లూరు గొర్రె కాళ్ల పొడుగు నీకు తెలుసు. కొలిచి చూసి, కలిసిందో లేదో రాయి. తవ్వకాల నివేదికల్లో "గొర్రె/మేక" అని రెంటినీ ఒక్క గీతతో కలిపి ఎందుకు రాస్తారో అప్పుడు నీకే అర్థమవుతుంది.

ఇప్పుడు మన దిక్కుకు. నీ వ్యాసమంతా ఇరాన్, టర్కీలే. అనంతపురం కుర్రాడివి, కళ్ల ముందు ఉన్నది వదిలేశావు. గొర్రె, మేకల అడవి పూర్వీకులు పశ్చిమాసియావి. దక్షిణాదిలో లేవు. నీలగిరుల్లో వరయాడు అనే కొండజంతువు ఉంది కానీ మన మేకకు అది పూర్వీకురాలు కాదు. కాబట్టి బళ్లారి దగ్గర కొత్తరాతియుగపు పొరలో గొర్రె ఎముక ఒక్కటి దొరికినా, ఎవరో మందను తోలుకొచ్చారని చెప్పొచ్చు. గంజ్ దరేలో ఒక్క ఎముక ఏమీ చెప్పలేదు, ఇక్కడ ఒక్కటే చాలా చెబుతోంది. చోటును బట్టి ఎముక బరువు మారుతుందని పాఠకుడికి చూపించడానికి ఇంతకన్నా మంచి జత దొరకదు. పంటల్లో మాత్రం కథ వేరు. ఉలవలు, పెసలు, అండుకొర్రలు ఇక్కడివే, దక్షిణాది తొలి రైతులు ఇవే పండించారు. ఇది డోరియన్ ఫుల్లర్, ఆయనతో పనిచేసినవాళ్లు మట్టిని నీళ్లలో కలిపి, పైకి తేలిన మాడిన గింజలను ఏరి తేల్చిన విషయం.

ఆవుల దగ్గర తొందరపడకు. మూపురం ఉన్న పశువు మచ్చికైన తొలి గట్టి ఆధారం బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్. ఫ్రెంచ్ పురావస్తు పరిశోధకుడు జారిజ్ బృందం 1974 నుంచి తవ్విన ఆ చోట ఎముకలను రిచర్డ్ మెడో చూశాడు. కింది పొరల్లో అడవి జంతువులు ఎక్కువ, పైకొచ్చే కొద్దీ పశువుల వాటా పెరిగింది, సైజు తగ్గింది. సైజు అన్నాను కాబట్టి పైన చెప్పిన ఆడా మగా లెక్క ఇక్కడా గుర్తుపెట్టుకో. మూపురం కండే, దానికి ఎముక ఉండదు. కానీ దాని కింద వెన్నుపూస ముల్లు చివర రెండుగా చీలి ఉంటే అది మూపురపు జాతి అని గుర్తిస్తారు.

ఇక ఉట్నూరు. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, పాత మహబూబ్‌నగర్ జిల్లాది. పురావస్తు పరిశోధకుడు రేమండ్ ఆల్చిన్ 1957లో అక్కడి బూడిద దిబ్బను తవ్వాడు. దక్షిణ దక్కనులో ఇలాంటి దిబ్బలు చాలా ఉన్నాయి. రాక్షసుల చితి అన్నారు, అగ్నిపర్వతం అన్నారు, హంపీ దగ్గర నింబాపురం దిబ్బను వాలిని దహనం చేసిన చోటని ఇప్పటికీ అంటారు. అది కాలిన పేడ అని భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ పంతొమ్మిదో శతాబ్దంలోనే పట్టుకున్నాడు. తర్వాత జాయినర్ అనే పరిశోధకుడు బూడిదను పరీక్షించి అదే నిజమన్నాడు. ఉట్నూరులో ఆల్చిన్‌కు దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంటలు, లోపల పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. నాలుగువేల ఏళ్లకు పైబడిన గిట్టలు. ఇరాన్ ఇటుక మీద మేక గిట్ట, మన బూడిదలో ఆవు గిట్ట. నీ వ్యాసానికి నడక ఇక్కడ దొరుకుతుందేమో చూడు.

పేడను ఎందుకు తగలబెట్టారు? ఏటా జరిగే మంటల పండగతో ఆల్చిన్ దాన్ని ముడిపెట్టాడు. నువ్వు వెంటనే భోగి అంటావని తెలుసు. భోగి పొగకు చెన్నైలో విమానాలు ఆలస్యమయ్యే ఊళ్లో ఉన్నాం, చెయ్యి దురద పెట్టడం సహజం. ఆల్చిన్ ఊహ అని పేరు పెట్టి ఒక వాక్యం రాసి వదిలెయ్. ఇవి పశువుల కాపరులు మామూలుగా బతికిన ఊళ్లే, పేడ పోగై కాలింది అనే కె. పద్దయ్య వాదన కూడా పక్కనే ఉండాలి. ఆయన కర్ణాటకలోని బూదిహాళ్‌లో ఏళ్ల తరబడి తవ్వి, పశువులను కోసిన నేలను బయటపెట్టాడు.

కోసిన అన్నాను. నీ వ్యాసంలో "పశువులను ప్రేమగా చూసుకున్నారు, పూజించారు" అని ఉంది, కోత ఊసే లేదు. ఎందుకు తప్పించావో ఊహించగలను, నిన్ను తప్పుపట్టను. కానీ ఎముకల మీద రాస్తానని కూర్చున్నవాడు రాతి కత్తి గీతలను దాటేయకూడదు. తిన్నారని రాయి. పాలు తాగారా అంటే దవడల వయసులు చూడాలి. బండికీ మడకకీ కట్టారా అంటే కాలివేళ్ల ఎముకల అంచుల్లో అదనంగా పెరిగిన ఎముక చూడాలి. బరువు లాగిన ఎద్దులకు అలా వస్తుందని వైద్యం చదివే నీకు చెప్పనక్కర్లేదు. ముసలితనానికీ అలా రావొచ్చు, అది కూడా చెప్పు. పూజించారా అన్నది ఈ ఎముకలు చెప్పేది కాదు. ఎవరినో రెచ్చగొట్టేలా అక్కర్లేదు, ఎవరికో భయపడినట్టూ అక్కర్లేదు. మామూలు గొంతుతో రాస్తే చాలు.

నివేదికలు చదివేటప్పుడు ముందు ఒకటి వెతుకు: మట్టిని జల్లెడ పట్టారా? పట్టకపోతే ఎలుక, చేప, కోడి ఎముకలు మట్టితో పోయి, పెద్ద పశువుల ఎముకలే సంచిలోకి చేరతాయి. అప్పుడు "ఇక్కడివాళ్లు పశువులే పెంచారు" అన్న మాటలో సగం జల్లెడ లేకపోవడమే. శాతం కనిపిస్తే అది ముక్కల లెక్కా, జంతువుల లెక్కా అని చూడు. ఒకే ఆవు నలభై ముక్కలుగా దొరకొచ్చు. మూడు ఎడమ దవడలు దొరికితే కనీసం మూడు జంతువులని మాత్రం ఖాయంగా చెప్పొచ్చు. ఈ రెంటికీ తేడా చెప్పకుండా నువ్వు ఒక పట్టిక పెట్టావు. పట్టిక తీసెయ్.

నీ చదువు చదివినవాళ్లు ఈ దారిలో ముందే ఉన్నారు. పశువైద్యుడైన కె.ఆర్. ఆలూర్ కర్ణాటక తవ్వకాల్లో దొరికిన జంతువుల ఎముకలను పరిశీలించాడు. తుంగభద్ర ఒడ్డున హళ్లూరులో గుర్రం ఎముకలున్నాయని ఆయన చెప్పింది 1971లో అచ్చయింది, ఆ తగువు ఇంకా తెగలేదు. ఆయన గురించి చదువు, గుర్రాన్ని మాత్రం ఈ వ్యాసంలోకి తోలకు. గుర్రం అనగానే ఆర్యులు ఎప్పుడొచ్చారన్న గొడవ మొదలవుతుంది, అది మొదలైందంటే మేకలు ఎవరికీ గుర్తుండవు.

వేపేరి నుంచి ఎగ్మూరు మ్యూజియం ఎంత దూరం? ఫుట్ పోగుచేసినవి అక్కడికే చేరాయి. వాటి జాబితా 1914లో, వివరణల సంపుటం 1916లో, ఆయన చనిపోయాక, మ్యూజియమే అచ్చువేసింది. పక్కనే కన్నెమరా లైబ్రరీ. ఆదివారం సినిమా ఒకటి మానేసి ఆ సంపుటాలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కో. ఫుట్ ఏ ఊళ్లో ఏం ఏరాడో చదువుతుంటే మీ జిల్లా ఊళ్లు తగులుతాయి.

సంక్రాంతికి ఇంటికి పోతావు కదా. మీ జిల్లాలోనే పాలవాయి బూడిద దిబ్బ ఉంది, పరిశోధకుడు రామిరెడ్డి గారు తవ్విన చోటు. వెళ్లి చూడు. ఏమీ తవ్వకు, సంచిలో వేసుకురాకు. ఇలాంటి దిబ్బల బూడిదను పొలాలకు తోలుకుపోయారు, కొన్నింటిని రోడ్లు కోసేశాయి. అక్కడ ఎంత మిగిలిందో ఫోటోలు తీసి, ఊరివాళ్లు దాని గురించి ఏమంటారో రాసుకురా.

ఉగాదిలోపు కొత్త ప్రతి పంపు. గొర్రె, మేక ఎముకల బొమ్మలు నువ్వే గీయి, పక్కన స్కేలు పెట్టడం మరిచిపోకు. ఈసారి ప్రింటు తీసి పోస్టులో పంపకు, వర్డ్ ఫైలు చాలు. నాకు అక్షరాలు పెద్దవి చేసుకుంటే గానీ కనిపించడం లేదు.

నీ అక్క