కొండ ఎటువైపు ఉందో ముందు చూసుకోండి

ప్రశ్న: నా వయసు 34. పెళ్లయి చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చి ఎనిమిదేళ్లవుతున్నా ఇక్కడి దారులు నాకు పట్టుబడలేదు. గాంధీ రోడ్డులో ఏ దుకాణంలోంచి బయటికి వచ్చినా, ఇంటివైపు కాక ఎదురు దిక్కుకు నడుస్తాను. చిన్నప్పటి నుంచీ ఇంతే. "ఇంత చదివి దారి తెలియదా?" అని ఇంట్లో అంటుంటే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఇది జబ్బా? - ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ముందుగా ఈ జవాబును మీ ఇంట్లో వాళ్లకు చదివి వినిపించండి. దారి పట్టుబడకపోవడానికీ తెలివితేటలకూ సంబంధం లేదు. మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగంలో, మనం ఒక్కొక్క చోట ఉన్నప్పుడు ఒక్కొక్కటిగా స్పందించే కణాలుంటాయని జాన్ ఓకీఫ్ 1971లో ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో గుర్తించారు. దాని పక్క భాగంలో దూరాన్నీ దిశనూ లెక్కకట్టే కణాలను 2005లో మోజర్ దంపతులు కనుగొన్నారు. ఈ ముగ్గురికీ 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ సామర్థ్యం అందరిలో ఒకేలా ఉండదు. జ్ఞాపకశక్తి, చదువు అన్నీ సవ్యంగా ఉండి కూడా చిన్ననాటి నుంచీ తెలిసిన చోటే దారి తప్పే ఒక మహిళ గురించి 2009లో కెనడా పరిశోధకులు వివరంగా రాశారు.

మీరున్న ఊరు మీకు కలిసొచ్చే ఊరు. తిరుపతిలో కొండ ఉత్తరాన ఉంటుంది. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న మాడ వీధుల పేర్లలోనే దిక్కులున్నాయి. దుకాణంలోకి అడుగుపెట్టే ముందు ఒక్క క్షణం వెనక్కి తిరిగి, బయటికి వచ్చేటప్పుడు రోడ్డు ఎలా కనిపిస్తుందో చూసుకోండి. ఇంటి నుంచి నడిచి వస్తున్నప్పుడే "కొండ నా ఎడమ చేతివైపుంది" అని పైకే అనుకోండి. అదే రోడ్డులో ఇంటికి తిరిగి నడిచేటప్పుడు అది కుడిచేతికి రావాలి. మేడలు అడ్డమైతే, సందు మొదట్లో కొండ కనిపించేదాకా ఆగండి, తొందరేమీ లేదు. ఫోన్‌లోని మ్యాప్ మనతోపాటు తిరగకుండా, ఉత్తరం ఎప్పుడూ పైనే ఉండేలా మార్చుకుంటే, తెర పైభాగం ఎప్పుడూ కొండవైపే అవుతుంది.

చిన్నప్పటి నుంచీ ఉన్నది కనుక మీరు భయపడనక్కర్లేదు. అయితే ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఇన్నేళ్లూ తిరిగిన దారినే ఈమధ్య మరిచిపోతుంటే అది వేరే సంగతి. ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుకు చూపించండి.

ఒక ఆదివారం ఉదయం మీవారితో కలిసి బజారుకు నడిచి వెళ్లండి. మీరు ముందు, ఆయన వెనుక. మీరు తప్పు మలుపు తిరిగినా రెండు వీధులు దాటేదాకా నోరు విప్పవద్దని ఆయనకు ముందే చెప్పండి.