పనస పిడికి ఫెవిక్విక్ పాలిష్: ఆ తెలుపు ఎందుకొస్తుందంటే

మీరు అడిగింది ఇది కదా: సొంతంగా చెక్కిన కత్తి పిడికి గాజులా మెరవాలని ఫెవిక్విక్ నాలుగు పూతలు వేశారు, రాత్రికి బ్రహ్మాండంగా మెరిసింది, తెల్లారి చూస్తే విభూతి రాసినట్టు తెల్లబడిపోయింది. జిగురు నకిలీదా, లేక అసలు చెక్క మీద ఇది పనికిరాదా అని. రెండూ కాదండీ, నా అనుభవంలో ఇది తేమ పని. అవతల వేసిన పిడిని పారేయకండి, అది బాగవుతుంది.

మాది పలాస పక్కన ఉద్దానం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకి మా పెరట్లో పనస చెట్టు వేళ్లతో సహా పడిపోయింది. కట్టెలకి కొట్టేయబోతుంటే మనసొప్పక మొదలు భాగాన్ని పలకలుగా కోయించి చూరు కింద పేర్చాను. ఇప్పటికీ చాకులకి, కత్తిపీటలకి, ఉలులకి పిడులు ఆ చేవ నుంచే తీస్తున్నాను. మొదటి పిడికి ఆత్రం ఆగక నాలుగు నెలలకే పలక తెచ్చి చెక్కి జిగురు పూత వేశాను. మీకు వచ్చిన తెలుపే నాకూ వచ్చింది, పైగా రెండు నెలలకి పూత కింద సన్నగా బీటలు కూడా. చెక్క ఇంకా ఆరుతూ కుంచించుకుపోతోంది, పైన గాజు లాంటి పూత సాగదు కదా. అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టాలనే లెక్క ఊరికే పుట్టలేదని అప్పుడు తెలిసింది.

ఇక్కడ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. ఫెవికాల్‌లో ఉన్న నీరు పోతే అది గట్టిపడుతుంది, ఫెవిక్విక్ దానికి పూర్తిగా ఉల్టా, తేమ తగిలితేనే గట్టిపడుతుంది. దీని అసలు పేరు సయనోఅక్రిలేట్. 1942లో అమెరికాలో కోడాక్ కంపెనీ వాళ్లు తుపాకీ గురి చూసే అద్దాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్ వెతుకుతూ దీన్ని తయారుచేసి, ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుంటోందని పక్కన పడేశారు, 1958లో గానీ జిగురుగా అమ్మకానికి రాలేదు. ప్రతిదానికీ ఎందుకు అంటుకుంటుందంటే ప్రతి వస్తువు మీదా కంటికి కనబడనంత తేమ పొర ఉంటుంది కాబట్టి. అదే తేమ గాలిలో మరీ ఎక్కువైతే, జిగురు నుంచి లేచే ఆవిరి గాల్లోనే గట్టిపడి సన్నటి పొడిలా మళ్లీ పిడి మీదే రాలుతుంది. మీరు చూసిన తెలుపు అదే. పూత మందంగా వేస్తే ఆవిరి ఎక్కువ, తెలుపు కూడా ఎక్కువ.

సముద్రం గాలి తగిలే మన ఊళ్లలో అందుకే వేళ చూసుకోవాలి. వాన ముసురులో, పొద్దు పోయాక నేను అసలు సీసా మూత తియ్యను. ఉదయం పదిన్నర నుంచి మధ్యాహ్నం మూడు లోపు, పొడి ఎండ ఉన్న రోజు, అదీ పిడిని గంటసేపు ఎండలో పెట్టి, నీడకి తెచ్చి చల్లారాక వేస్తాను.

వేసే తీరు చెబుతాను. ఆకురాయితో ఆకారం తెచ్చాక 120, 220, 320 ఎమరీ పేపర్లతో నార వెంబడే రుద్దాలి. అడ్డంగా గీసిన గీత చెక్క మీద కనపడదు, పూత పడ్డాక మాత్రం అద్దంలో చూసినట్టు కనపడుతుంది. పనసకి సన్న రంధ్రాలు చాలా ఉంటాయి, అందుకని మొదటి పూత తడిగా ఉండగానే 320 పేపర్‌తో అక్కడే రుద్దితే ఆ పొట్టే జిగురుతో కలిసి రంధ్రాల్లో కూరుకుంటుంది, రంగు కూడా కలిసిపోతుంది. పిడి రెండు కొసలకీ, మేకు రంధ్రాల అంచులకీ ముందే రెండు పూతలు పట్టించండి, ఎందుకో కింద చెబుతాను. తర్వాత టిష్యూ పేపర్ మడత మీద మూడు నాలుగు చుక్కలు వేసుకుని ఈ కొస నుంచి ఆ కొసకి ఒకే లాగుడు. వెనక్కి వెళ్లి సరిచేయాలని చూశారా, టిష్యూ అక్కడే అతుక్కుని పీచు వదులుతుంది. పూతకీ పూతకీ పది నిమిషాలు, మూడు పూతలకోసారి 400తో పైపైన రుద్దడం, ఇలా పది పన్నెండు పూతలు. త్వరగా గట్టిపడాలని కొందరు వంట సోడా చల్లమంటారు, విరిగినది అతికించడానికైతే సరే, పాలిష్‌కి వద్దు, అదే తెల్లగా ఉండిపోతుంది.

మెరుపు జిగురులో లేదండీ, ఆ తర్వాత రుద్దడంలో ఉంది. ఒక రాత్రి ఆగి, నీళ్లలో సబ్బు చుక్క వేసుకుని 600 వాటర్ పేపర్‌తో మొదలుపెట్టండి. పిడిని వెలుగుకి వాలుగా పట్టుకుంటే అంతా మసక మసకగా ఉండి అక్కడక్కడా మిరియపు గింజంత చుక్కలు తళుక్కుమంటాయి. అవి పల్లాలు, పేపర్ ఇంకా అందని చోట్లు. అవి ఒక్కటి కూడా లేకుండా పోయాకే 800, 1000, 1500, 2000 మీదకి వెళ్లాలి. చివర్లో కారుకి వాడే రబ్బింగ్ పాలిష్ మెత్తటి గుడ్డతో. కొసలు ముందే మూయమన్నది ఈ నీళ్ల కోసమే, అటు నుంచి నీరు చెక్కలోకి దిగితే తెలుపు లోపల్నుంచి వస్తుంది, దాన్ని చెక్క దాకా గీకి మళ్లీ మొదలుపెట్టడం తప్ప దారి లేదు. మీ పిడి తెలుపు పైపొరదే అనిపిస్తోంది, బాగా ఎండబెట్టి 400తో పొడిగా రుద్ది చూడండి, పోతే పైన రెండు పల్చని పూతలు వేస్తే చాలు.

ఇది మాత్రం తప్పకుండా వినండి. టిష్యూ బదులు నూలు గుడ్డ, దూది వాడొద్దు. నేను పాత బనీను ముక్కతో తుడిచాను, రెండు క్షణాల్లో పొగ లేచి చూపుడు వేలు బొబ్బెక్కింది. నూలుకి ఈ జిగురు ఎక్కువగా తగిలితే అంత వేడి పుడుతుంది. వేళ్లకి పాలిథిన్ గ్లోవ్స్ వేసుకోండి, పాలిథిన్‌కి ఇది సరిగా అంటదు. ముఖం పిడి మీదకి వంచకండి, ఆవిరి కళ్లనీ ముక్కునీ మండిస్తుంది, ఫ్యాన్ గాలి మీ వైపు నుంచి బయటికి పోయేలా కూర్చోండి. వేళ్లు అతుక్కుంటే లాగొద్దు, గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీయండి. కంట్లో పడితే నీళ్లతో బాగా కడిగి నేరుగా డాక్టర్ దగ్గరికే.

వంటింటి చాకుకి ఈ పాలిష్ బాగానే నిలుస్తుంది, మా ఇంట్లోది మూడేళ్లుగా రోజూ కడుగుతున్నా అలాగే ఉంది. కానీ మరిగే నీళ్లలో వేయకండి, పొయ్యి అంచున పెట్టకండి, వేడికి మెత్తబడుతుంది. గోళ్ల రంగు తుడిచే అసిటోన్ కూడా తగలనివ్వకండి. కొడవలికి, పారకి అయితే నేను వేయను, చెమట చేతిలో జారుతుంది, వాటికి అవిసె నూనె పట్టిస్తే చాలు.