ఆఫీసు రెవిట్‌కి మారుతోంది, మా అమ్మాయి అక్కడే ఉండాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఆర్క్ పూర్తిచేసి ఏడాదిగా హిమాయత్‌నగర్‌లో ఒక చిన్న ఆర్కిటెక్ట్ ఆఫీసులో పనిచేస్తోంది. మొత్తం ఆరుగురు. ఇన్నాళ్లూ అంతా ఆటోక్యాడే, అంటే కంప్యూటర్లో గీతలతో డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్. ఇప్పుడు వాళ్ల సార్ ఆఫీసుని రెవిట్‌కి (ఇంటిని కంప్యూటర్లో మోడల్‌గా కట్టే సాఫ్ట్‌వేర్) మారుస్తానంటూ ఆ బాధ్యత మా అమ్మాయికి అప్పగించారు. జీతం పెంచలేదు. తనతో చదివినవాళ్లు మాదాపూర్‌లో బిమ్ కంపెనీల్లో (భవనాలకి ఇలాంటి కంప్యూటర్ మోడళ్లు చేసిచ్చేవి) చేరి ఇంతకంటే బాగా సంపాదిస్తున్నారు. తనకేమో ఒకటే టెన్షన్. అమీర్‌పేటలో కోర్సు చేయించి, మంచి ల్యాప్‌టాప్ కొనిచ్చి, తననీ అటే పంపించమంటారా?
- ఒక తండ్రి, కొత్తపేట

జవాబు: ఇప్పుడే పంపకండి. రెవిట్‌లో మొదలుపెట్టిన ఇల్లు ఒక్కటైనా సైట్ మీద స్లాబు దాకా వచ్చేవరకు ఉండనివ్వండి.

ఆటోక్యాడ్‌లో రెండు గీతలు గీస్తే గోడ అయిపోతుంది. రెవిట్‌లో అలా కుదరదు. గోడ తొమ్మిదంగుళాలదా నాలుగున్నరదా, ప్లాస్టరింగ్ కలిపా, ఏ మట్టం నుంచి ఏ మట్టం దాకా, అన్నీ ముందే తేల్చాలి. కిటికీ నేలకి ఎంత ఎత్తున ఉండాలో మనం చెప్పకపోతే అదే ఏదో ఒక ఎత్తు వేసేసి ఊరుకుంటుంది, అది ఇంకా ప్రమాదం. ఏడాది అనుభవానికి వీటిలో సగం తెలియవు. అంటే రోజుకి పదిసార్లు సార్ దగ్గరికెళ్లి అడగాల్సిందే. మామూలు రోజుల్లో అన్నిసార్లు అడిగితే విసుక్కునే సారే, ఇప్పుడు పిలిచి మరీ చెప్తారు. మీ అమ్మాయికి జీతం కన్నా ముందు దక్కేది ఇదే.

ఆఫీసు మారడం కూడా మోజు కోసం కాదు. ప్లాన్ ఖాయమైందనుకున్నాక ఓనరుగారు వాస్తు ఆయన్ని వెంటబెట్టుకొస్తారు. మెట్లు ఇటు తిప్పమంటారు, కిటికీ రెండడుగులు జరపమంటారు. ఆటోక్యాడ్‌లో ప్లాన్‌లో జరిపి, సెక్షన్‌లో (ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగు) జరిపి, హడావుడిలో ఎలివేషన్‌లో (బయటినుంచి గోడ ఎలా కనిపిస్తుందో చూపే డ్రాయింగు) మర్చిపోతారు. మేస్త్రి ఆ ఎలివేషన్ పట్టుకుని లింటెల్ పోయించేస్తాడు. పగలగొట్టే ఖర్చు ఎవరిదని తర్వాత గొడవ. రెవిట్‌లో ఉండే ఇల్లు ఒక్కటే. ప్లాన్, సెక్షన్, ఎలివేషన్, కిటికీల లెక్క అన్నీ దాంట్లోంచే వస్తాయి కాబట్టి ఒకచోట జరిపితే అన్నిచోట్లా జరుగుతుంది. ఇది నిలబడే సాఫ్ట్‌వేరేనా అన్న అనుమానం అక్కర్లేదు. ఆటోక్యాడ్ 1982 నాటిది. రెవిట్ 2000లో వచ్చింది, 2002లో ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్కే దాన్ని కొనుక్కుంది.

ఇక టెన్షన్ సంగతి. పని ఆలస్యమైతే నింద తన మీద పడుతుందనే భయం నిజమైనదే. సైట్‌లో నడుస్తున్న పనిని మాత్రం రెవిట్‌లోకి మార్చొద్దని చెప్పమనండి. కొత్తగా వచ్చిన రెండువందల గజాల ఇల్లు ఒకటి తీసుకుంటే చాలు, మిగతావి పాత పద్ధతిలోనే పూర్తవుతాయి. ఆటోక్యాడ్‌ని పూర్తిగా వదిలేయడం ఎలాగూ కుదరదు. మున్సిపల్ పర్మిషన్‌కి లేయర్లు (డ్రాయింగులో ఒక్కో రకం గీతల్ని విడిగా పెట్టే పొరలు) సరిచూసి పెట్టాల్సింది ఆటోక్యాడ్ ఫైలే, స్ట్రక్చరల్ ఇంజనీరు పంపేదీ సాధారణంగా అదే. ఇంకొకటి: ఆఫీసులో అందరి దగ్గరా ఒకే ఏడాది వెర్షన్ ఉండాలి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన రెవిట్ ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు. సోమవారం ఒకరు ఉత్సాహంగా అప్‌డేట్ చేస్తే మంగళవారం మిగతా ఐదుగురూ టీ తాగుతూ కూర్చోవాలి. కాలేజీలో ఉచితంగా వాడిన స్టూడెంట్ వెర్షన్‌తో ఆఫీసు పని చేయమంటే ఒప్పుకోవద్దు, దాని లైసెన్సు చదువు వరకే.

ఒక్క ప్రమాదం ఉంది. ఇలాగే ఆఫీసు మార్చే పని నెత్తికెత్తుకున్న ఒకబ్బాయి నా దగ్గరికొచ్చాడు. ఏడాదిన్నరలో ఆఫీసుకి సాఫ్ట్‌వేర్ డాక్టరైపోయాడు. పక్క సీటులో ప్రింటు రాకపోయినా అతనికే పిలుపు. ఆ ఏడాదిన్నరలో సైట్ ముఖం చూడలేదు. అందుకే మీ అమ్మాయి సార్‌ని రెండు అడగాలి: వారానికి ఒకరోజైనా సైట్‌కి పంపడం, మొదటి ఇల్లు డ్రాయింగులు పూర్తయ్యాక జీతం సంగతి మాట్లాడటం. నోటిమాటగా వదిలేయకుండా మెయిల్‌లో పెట్టించుకోవాలి. సైట్ కుదరదంటే మాత్రం మొహమాటపడకుండా మాదాపూర్ వెళ్లిపోవచ్చు.

బిమ్ కంపెనీలు చెడ్డవని కాదు. కాకపోతే వాటిలో చాలాచోట్ల గోడ మందం ఎంతో ఇంకెవరో తేల్చి పంపిస్తారు, వీళ్లు మోడల్ చేసిస్తారు. ఒక ఇంటిని మొదటినుంచీ తన చేతుల మీదుగా నడిపాక అక్కడికి వెళ్తే మాట్లాడుకునే జీతమూ వేరుగా ఉంటుంది.

అమీర్‌పేట కోర్సు వద్దనను. కమాండ్లు త్వరగా వస్తాయి. ఆఫీసు కోసం నేర్చుకుంటున్నది కాబట్టి ఫీజు సార్‌నే కట్టమనండి, సగమైనా. ల్యాప్‌టాప్‌కీ ఇదే మాట, ఆఫీసు పనికి మెషీన్ ఆఫీసే ఇవ్వాలి. ఇంట్లో సాధన చేయడానికి మీరే కొనాలనుకుంటే 16 జీబీ ర్యామ్‌కి తగ్గకుండా విండోస్‌ది తీసుకోండి. అమ్మాయి ఆపిల్‌ది కావాలంటే మాత్రం రెవిట్ దానిమీద నేరుగా నడవదని గుర్తుచేయండి.